గంట నాటిక, ఒకే సెట్టు, ఒక్క స్త్రీ పాత్ర

నాటకం గురించి మనవాళ్లు ఎక్కడ మైకు పట్టుకున్నా రెండే మాటలు చెప్తారు. నాటకం చచ్చిపోయింది అని ఒకరు, నాటకానికి చావు లేదని ఇంకొకరు. రెండూ విని చప్పట్లు కొట్టి ఇంటికెళ్లిపోవచ్చు. ఎందుకంటే రెండిట్లోనూ లెక్క లేదు. రిహార్సల్‌కి టీలు ఎవరు తెప్పించారు, మేకప్ మనిషికి ఎవరిచ్చారు, పక్క జిల్లాకి వ్యాను ఎవరు మాట్లాడారు, అర్ధరాత్రి ప్రదర్శన అయ్యాక నటిని ఇంటి దగ్గర ఎవరు దింపారు అని అడిగేవాళ్లు తక్కువ. సాహిత్య విమర్శకులు ఇవి తమ పని కాదనుకుంటారు. నాకైతే తెలుగు సాంఘిక నాటిక రూపాన్ని అర్థం చేసుకోడానికి ఈ లెక్కల పుస్తకం కంటే మంచి ఆధారం కనపడదు. ఒక ఔత్సాహిక నాటక సమాజం ఏ డబ్బుతో బతుకుతుందో, ఆ డబ్బే దాని నాటకం రాస్తుంది.

తిరువూరు వైపు నుంచి చూద్దాం. విజయవాడ నుంచి మైలవరం, ఎ.కొండూరు దాటుకుని వస్తే తిరువూరు. ఇంకాస్త ముందుకెళ్తే ఖమ్మం జిల్లా, అంటే ఇప్పుడు వేరే రాష్ట్రం. చుట్టూ మామిడి తోటలు. ఊళ్లో ఆర్టీసీ డిపో, స్కూళ్లు, బ్యాంకులు, రెవెన్యూ ఆఫీసులు. ఔత్సాహిక నాటకానికి కావలసిన మనుషులు ఇలాంటి ఊళ్లలోనే దొరుకుతారు. నెల జీతం ఉండి, సాయంత్రాలు ఖాళీగా ఉండే మాస్టర్లు, గుమాస్తాలు, కండక్టర్లు. నగరంలో జీతం ఉంటుంది గానీ సాయంత్రం ఉండదు. పల్లెలో సాయంత్రం ఉంటుంది గానీ జీతం ఉండదు. తెలుగు నాటక చరిత్ర ఇలాంటి మధ్యరకం ఊళ్ల మీద ఎంత ఆధారపడిందో పుస్తకాల్లో సరిగ్గా రాలేదు.

తిరువూరుకు విజయవాడ వెళ్లే దారిలోనే మైలవరం ఉంది. 1910ల్లో అక్కడి రాజావారు బెజవాడలో బాలభారతీ నాటక సమాజం పెట్టారు. జనం నోట అది మైలవరం కంపెనీ. యడవల్లి సూర్యనారాయణ లాంటి నటుడు, పాపట్ల కాంతయ్య లాంటి సంగీతకారుడు అందులో పనిచేశారు. నటులకు నెల జీతాలు. అప్పటిదాకా వకీళ్లూ మాస్టర్లూ సరదాకి వేసే వేషాలకు, ఆ కంపెనీ వేసే వేషాలకు తేడా జనానికి వెంటనే తెలిసింది. తెరలు, దుస్తులు, పాటల వరసలు ఒక స్థాయికి వెళ్లాయి. కానీ మొత్తం ఒక్క మనిషి ఖజానా మీద, ఒక్క మనిషి మోజు మీద నిలబడింది. అలా నిలబడ్డది ఎన్నాళ్లుంటుందో వేరే చెప్పాలా? కంపెనీ పోయింది, వరసలు మాత్రం మిగిలాయి. ఈ జిల్లాలో పద్యనాటకం పాడేవాళ్ల గొంతుల్లో ఆ కాలం ఇంకా కాస్త వినిపిస్తుంది.

తర్వాత దశలో డబ్బు పాత్ర తక్కువ, జనం పాత్ర ఎక్కువ. 1943లో ప్రజానాట్యమండలి వచ్చింది. గరికపాటి రాజారావు నాయకత్వంలో ఊరూరా దళాలు తయారయ్యాయి. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన 'మాభూమి' 1947 నాటిది. అప్పటికి తిరువూరు తాలూకా మద్రాసు రాష్ట్రానికి అంచు, అవతల నైజాం. నాటకంలో ఉన్న పోరాటం పక్క పొలంలో జరుగుతున్నట్టే లెక్క. సెట్టు అవసరం లేదు, చీకటి పడ్డాక ఒక దీపం, నాలుగు గొంతులు చాలు. తిండి ఊరివాళ్లు పెట్టేవాళ్లు. ఇంత చవగ్గా, ఇంత వేగంగా వ్యాపించిన నాటకం తెలుగులో మళ్లీ రాలేదు. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. దళాలు చెదిరిపోయాయి. రాజారావు, మిక్కిలినేని, తాతినేని ప్రకాశరావు, ఇంకా ఎందరో సినిమాల్లోకి వెళ్లారు. ఉద్యమం మీద బతికే సమాజానికి బలం అదే, బలహీనత కూడా అదే. ఉద్యమం అజ్ఞాతంలోకి వెళ్తే రిహార్సల్ కూడా అజ్ఞాతంలోకి వెళ్లాలి. ఇదే మండలి పేరుతో తర్వాత కాలంలో బృందాలు మళ్లీ పనిచేశాయి, ఇప్పటికీ చేస్తున్నాయి గానీ ఆ 1947 నాటి ఊపు వేరు.

ఇక అసలు విషయం, ఉద్యోగుల నాటకం. ఆత్రేయ 'ఎన్.జి.వో' గుర్తు చేసుకోండి. గుమాస్తా ఇంటి కథ. ఒకే ఇల్లు, ఒకే గది. చూసేవాళ్లూ గుమాస్తాలే, వేసేవాళ్లూ గుమాస్తాలే. ఆఫీసు నుంచి వచ్చిన చొక్కాతోనే స్టేజీ ఎక్కెయ్యొచ్చు, దుస్తుల ఖర్చు లేదు. కొడాలి గోపాలరావుని శతాధిక నాటక రచయిత అన్నారంటే ఆయన తీరిక ఎక్కువై రాయలేదు. ప్రతి పండక్కీ ప్రతి ఊరికీ ఒక కొత్త నాటకం కావాలి, ఆ ఊళ్లో దొరికే మనుషులతో ఆడగలిగేది కావాలి. ఆయన ఆ గిరాకీకి తగ్గట్టు రాశాడు. విమర్శకులు ఆయన్ని పెద్దగా పట్టించుకోలేదు. పట్టించుకోవలసిందని నా అభిప్రాయం. కళాఖండాలని కాదు. ఏ పాత్రను ఎవరు వెయ్యగలరో తెలిసి రాయడం కూడా ఒక విద్య.

ఈ కాలంలోనే పరిషత్తులు పుంజుకున్నాయి. సురభి వనారస గోవిందరావు చొరవతో 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది. అది పోటీలు మొదలుపెట్టాక ఆ నమూనా ఊరూరికీ పాకింది. కొన్ని దేవుడి పేరిట, కొన్ని కళాకారుల పేరిట, చాలా వరకు ఎవరో ఒకరి స్మారకం. పల్లెకోనలో పరుచూరి రఘుబాబు పేరిట జరిగేది అలాంటిదే. పరిషత్తు ఎలా నడుస్తుందో తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. ఒక ఊళ్లో నిర్వాహకులు ప్రకటన ఇస్తారు. సమాజాలు ఎంట్రీలు పంపుతాయి. ఎంపికైనవాళ్లు వ్యాను కట్టుకుని వస్తారు. భోజనం, బస, ప్రదర్శనకి కొంత పారితోషికం నిర్వాహకులు ఇస్తారు. మూడు నాలుగు రాత్రులు, రాత్రికి రెండు మూడు నాటికలు. న్యాయనిర్ణేతలు ముందు వరసలో కూర్చుంటారు. చివరి రోజు ఉత్తమ ప్రదర్శన, ఉత్తమ రచన, ఉత్తమ నటుడు, ఉత్తమ నటి, ఉత్తమ ప్రతినాయకుడు ఇలా బహుమతులు. షీల్డులు మోసుకుని తెల్లారేసరికి ఇంటికి చేరి, స్నానం చేసి డ్యూటీకి వెళ్లిపోతారు. డబ్బంతా సాధారణంగా ఒకటి రెండు కుటుంబాలు, కొన్ని చందాలు, ఈ మధ్య అమెరికా నుంచి పిల్లలు పంపేది.

ఇది చిన్న విషయం కాదు. పోటీ లేకపోతే ఈ నాటకాల్లో సగం పుట్టేవే కావు. ఎన్.ఆర్.నంది 'మరో మొహెంజొదారో' ఈ పరిషత్తు వేదికల మీదే నాటకం ఇలా కూడా చెప్పొచ్చని చూపించింది. గణేశ్ పాత్రో 'కొడుకు పుట్టాల' ఈ చలామణిలోనే ఊరూరికీ తెలిసింది. అంటే పోటీ ప్రయోగాన్ని చంపుతుందనే సులువైన మాట నేను అనను. న్యాయనిర్ణేతకి కొత్తది కావాలి, ఎందుకంటే రాత్రికి మూడు చూసి విసిగిపోయి ఉంటాడు.

కానీ పరిషత్తు ఇచ్చిన రూపం చూడండి. వ్యవధి సుమారు గంట. వెనక నాటిక వాళ్లు దిగగానే పది పదిహేను నిమిషాల్లో సెట్టు నిలబెట్టాలి, కాబట్టి ఒకే సెట్టు. ఆ సెట్టు వ్యానులో పట్టాలి. పాత్రలు ఐదారుకి మించితే భోజనాలు, ప్రయాణం పెరుగుతాయి. ముగింపులో ఒక ఉద్వేగ సన్నివేశం ఉండాలి, ఎందుకంటే ఉత్తమ నటుడి బహుమతి ఆ ఐదు నిమిషాల మీద ఆధారపడుతుంది. ఇతివృత్తాలూ అలాగే కుదిరాయి. వృద్ధాశ్రమంలో తండ్రి, అమెరికా కొడుకు, అప్పుల్లో రైతు, కార్పొరేట్ ఆస్పత్రి, సెల్‌ఫోన్ పిల్లలు. ఇవి అసత్యాలు కావు, అన్నీ మన చుట్టూ ఉన్నవే. కానీ ఐదేళ్ల పాటు వరసగా పరిషత్తులు చూసినవాడికి తెర లేవగానే సోఫా ఏ వైపు ఉంటుందో, తండ్రి ఎప్పుడు దగ్గుతాడో తెలిసిపోతుంది. గురజాడ 'కన్యాశుల్కం' 1892లో విజయనగరం జగన్నాథ విలాసినీ సభ వేసింది. అంత జనం, అన్ని ఇళ్లు, అన్ని వీధులు ఉన్న నాటకం ఇవాళ ఒక ఊరి సమాజం తలపెట్టగలదా? తలపెట్టినా ఏ పోటీ గంటలో ఇరుకుతుంది?

ఇప్పుడు ఆ ఒక్క స్త్రీ పాత్ర సంగతి. మొత్తం లెక్కలో నాకు ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే.

స్థానం నరసింహారావు ఆడవేషం వేసే రోజుల్లో తెనాలి రామవిలాస సభకు స్త్రీ పాత్ర వేరే సమస్య కాదు. బళ్ళారి రాఘవ దాన్ని ఒప్పుకోలేదు. స్త్రీ పాత్ర స్త్రీయే వెయ్యాలన్నాడు, కొమ్మూరి పద్మావతీదేవి, కొప్పరపు సరోజిని లాంటివాళ్లను వేదిక మీదికి తెచ్చాడు. అది పెద్ద సంస్కరణ. రాఘవ కోరుకున్నది చదువుకున్న ఇళ్ల స్త్రీలు మగవాళ్లతో సమానంగా వేదిక ఎక్కడం. ఊళ్లలో జరిగింది వేరు. మాస్టరుగారు వేషం వేస్తారు, మాస్టరుగారి భార్య వెయ్యదు. వెయ్యనివ్వరు. కాబట్టి నటిని బయటి నుంచి పిలవాలి. ఆమె విజయవాడ, గుంటూరు, తెనాలి, ఏలూరు లాంటి చోట్ల నుంచి వస్తుంది. నటనే ఆమె వృత్తి. ఇన్ని రిహార్సల్స్‌కి ఇంత, ప్రదర్శనకి ఇంత అని మాట్లాడుకుని వస్తుంది.

అంటే మనం ఔత్సాహిక సమాజం, స్వచ్ఛంద సమాజం అని పిలిచేదాంట్లో కనీసం ఒకరు కూలికి పనిచేస్తున్నారు. మేకప్, లైటింగ్, సంగీతం చేసేవాళ్లనీ కలిపితే ముగ్గురు నలుగురు. మిగతావాళ్లు కళాసేవ చేస్తున్నారు. పోస్టరులో ఈ తేడా కనపడదు గానీ రిహార్సల్‌లో కనపడుతుంది. అందరికీ నెల రోజులు రిహార్సల్, ఆమెకు చివర్లో రెండు మూడు రోజులు, ఎందుకంటే ఎక్కువ రోజులు పిలిస్తే ఖర్చు. ఆ రెండు రోజుల్లో ఆమె మాటలన్నీ పట్టేసి, అప్పటికే నెల రోజులుగా గట్టిపడ్డ నలుగురు మగవాళ్ల మధ్య ఇమిడిపోవాలి. ఉత్తమ నటి బహుమతి వస్తే ఆ గొప్ప సమాజానిది. మాట తడబడితే మాత్రం డబ్బులిచ్చి తెచ్చుకున్నాం కదా అనే మాట వస్తుంది. నెలలో ఇలా ఎన్నో సమాజాలకు, ఎన్నో తల్లి పాత్రలూ కోడలి పాత్రలూ వేసే ఈ స్త్రీలే ఈ వ్యవస్థలో అసలైన వృత్తి నటులు. పరిషత్తు నాటకానికి వెన్నెముక ఎవరని నన్నడిగితే నేను రచయిత పేరు చెప్పను.

దీని ప్రభావం రచన మీద పడకుండా ఎలా ఉంటుంది? రెండో స్త్రీ పాత్ర రాస్తే ఖర్చు పెరుగుతుందని రచయితకు తెలుసు. అందుకే అత్త ఫోటోలో ఉంటుంది. కూతురు ఫోన్‌లో మాట్లాడుతుంది. పక్కింటి ఆమె గురించి మగవాళ్లు చెప్పుకుంటారు. మన నాటికల్లో ఇద్దరు ఆడవాళ్లు తమలో తాము మాట్లాడుకునే సన్నివేశం ఎన్నిసార్లు చూశారో లెక్కపెట్టండి. స్త్రీవాదం తెలుగు కథనీ కవిత్వాన్నీ తలకిందులు చేసింది, నాటికని మాత్రం పెద్దగా కదపలేదెందుకని చాలామంది ఆశ్చర్యపోతారు. భావజాలంలో వెతికితే జవాబు సగమే దొరుకుతుంది. మిగతా సగం వ్యాను అద్దె పక్కన రాసిన అంకెలో ఉంది.

పద్యనాటకం ఈ విషయంలో వేరే దారి పట్టింది. అది చెప్పకుండా ఉండలేను. ఒకే నాటకంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు. నగర పాఠకులకు ఇది నవ్వులాటగా ఉంటుంది. కానీ ముగ్గురు కృష్ణులంటే ముగ్గురు గాయకుల అభిమానులు, మూడు ఊళ్ల జనం. కొన్ని ప్రాంతాల్లో వేషం వేసే రైతే పాత్రకు ఇంత అని డబ్బు కట్టి, గురువు దగ్గర నేర్చుకుని ఎక్కుతాడు. నటుడే పోషకుడు. కృష్ణుడు పెరిగితే నష్టం లేదు, లాభమే. సాంఘిక నాటికకు పాత్ర అంటే ఖర్చు, పద్యనాటకానికి పాత్ర అంటే రాబడి. అందుకే ఎంత ఎగతాళి చేసినా జాతరల్లో అది ఇంకా తెల్లారేదాకా ఆడుతోంది.

ప్రభుత్వం వైపు చూస్తే 1998లో నంది నాటకోత్సవాలు మొదలయ్యాయి. కొన్నేళ్లు వాటి మీద సమాజాలు బాగా ఆశ పెట్టుకున్నాయి. నంది వస్తే ఊళ్లో ఫ్లెక్సీ కడతారు, ఆ ఫ్లెక్సీ చూసి వచ్చే ఏడాది చందా ఇస్తారు. రాష్ట్రం విడిపోయాక వరస తప్పింది. 2022 సంవత్సరపు నందులకు పోటీలు 2023 డిసెంబరులో గుంటూరులో జరిగాయి. తిరువూరు లాంటి సరిహద్దు ఊళ్లకు విభజన ఇంకో చిక్కు కూడా తెచ్చింది. సత్తుపల్లి నటుడూ తిరువూరు నటుడూ కలిసి ఒక నాటిక వేస్తే అది ఏ రాష్ట్రం నాటిక? నాటకం సరిహద్దు చూసుకోదు గానీ దరఖాస్తు ఫారం చూసుకుంటుంది.

ఇక్కడ అందరూ అనేమాట, టికెట్టు పెట్టాలి. 1990ల్లో హైదరాబాదులో గరిమెళ్ల రామమూర్తి 'రసరంజని' ద్వారా నాటకానికి సభ్యులను చేర్చడం, టికెట్టు కొని చూసే అలవాటు చెయ్యడం మొదలుపెట్టారు. మంచి ప్రయత్నం. దాని ఫలితం నాకు డబ్బులో కంటే ప్రేక్షకుడిలో కనిపిస్తుంది. డబ్బు పెట్టి వచ్చినవాడు బాగాలేకపోతే లేచిపోతాడు. పరిషత్తులో న్యాయనిర్ణేత లేచిపోలేడు, మిగతావాళ్లలో చాలామంది వేరే సమాజాలవాళ్లు. అంటే ఒక రకంగా నటులు నటుల కోసం ఆడుకుంటున్నారు.

నాకు తరచూ గుర్తొచ్చేది కర్ణాటకలోని హెగ్గోడు. శివమొగ్గ జిల్లా సాగర తాలూకాలో వక్కతోటల మధ్య ఉన్న ఊరు. తిరువూరు ముందు అది చాలా చిన్నది. 1949లో అక్కడ కె.వి.సుబ్బణ్ణ, ఆయన మిత్రులు కలిసి నీలకంఠేశ్వర నాట్యసేవా సంఘం పెట్టారు. ఊరి దేవుడి పేరు. పొడి అక్షరాల్లో నీనాసం. మన సమాజాల్లాగే సరదా నాటకాలతో మొదలు. తర్వాత ఫిలిం సొసైటీ, 1980లో నాటక శిక్షణాలయం, 1985 నుంచి ఊరూరూ తిరిగే 'తిరుగాట' బృందం. సుబ్బణ్ణకు 1991లో మెగసెసె అవార్డు. తిరుగాట ఏటా కొత్త నాటకాలు తయారుచేసుకుని కర్ణాటకలో నెలల తరబడి తిరుగుతుంది. షేక్‌స్పియర్‌ని చూసినవాళ్లలో వక్క రైతులు కూడా ఉన్నారు.

హెగ్గోడు గురించి చెప్పినప్పుడల్లా మనవాళ్లు వెంటనే, వాళ్లకి సుబ్బణ్ణ ఉన్నాడండీ అంటారు. నిజమే. బయటి నిధులూ వచ్చాయి, అదీ నిజమే. మన దగ్గర సుబ్బణ్ణలు లేకపోలేదు, గరికపాటి రాజారావు ఎవరు మరి? తేడా ఇంకోచోట ఉంది. నీనాసం ముందు తన ఊరి ప్రేక్షకుణ్ణి తయారుచేసుకుంది, తర్వాత తిరిగింది. మన సమాజాలు ముందు తిరుగుతాయి. ఒక నాటిక ఏడాదిలో పది పరిషత్తుల్లో ఆడుతుంది, పన్నెండు షీల్డులు తెస్తుంది, సొంత ఊళ్లో ఒక్కసారి కూడా ఆడదు. ఎందుకాడాలి? ఇక్కడ పారితోషికం లేదు, బహుమతి లేదు, హాలు అద్దె ఎదురు కట్టాలి. దాంతో ఊళ్లో పిల్లలకు మాస్టరుగారు నటుడని తెలుస్తుంది గానీ ఆయన ఎలా నటిస్తాడో తెలియదు. తెలియనప్పుడు తర్వాతి తరం ఎలా వస్తుంది? సమాజాల్లో అందరికీ యాభై దాటింది, కుర్రాళ్లు రావట్లేదని బాధపడుతుంటారు. కుర్రాళ్లు షార్ట్ ఫిలింలు తీసుకుంటున్నారు, తప్పేముంది? అది వాళ్ల ఊళ్లో, వాళ్ల ఫోన్లలో, వాళ్లవాళ్లే చూస్తారు. సొంత ప్రేక్షకుల కోసం ఆడటం అనే పని ఒకప్పుడు నాటకానిది.

కాబట్టి ఒక సమాజం పాతికేళ్లు నిలబడిందని పొగిడేటప్పుడు ఏది నిలబడిందో కూడా చూడాలి. రిజిస్ట్రేషనూ, లెటర్‌హెడ్డూ, బీరువాలో షీల్డులూ, ఒక్క వ్యక్తి మొండితనమూ నిలబడ్డాయా? లేక ఊళ్లో నాటకం చూసే అలవాటు నిలబడిందా? మొదటిది ఆ వ్యక్తితోనే వెళ్లిపోతుంది. అతను రిటైరై పిల్లల దగ్గరికి హైదరాబాదు వెళ్లిన రోజే సమాజం ఆగిపోయిన ఊళ్లు మీకు నాకూ తెలుసు. స్క్రిప్టులు కూడా అతని అటక మీదే ఉంటాయి. పోటీకి వేసిన నాటికల్లో అచ్చయ్యేవి కొన్నే, మిగతావి జిరాక్సు కాగితాలు. అవి పోతే విమర్శకుడు మాట్లాడటానికి కూడా ఏమీ ఉండదు.

పరిషత్తులు మానెయ్యమని అనడం లేదు, అలా అంటే ఉన్న కాస్త దారీ మూసుకుపోతుంది. నేను చూడాలనుకుంటున్నది చాలా చిన్నది. పోటీకి సిద్ధమైన నాటిక బయల్దేరే ముందు రాత్రి సొంత ఊళ్లో, హైస్కూలు ఆవరణలోనే అనుకోండి, ఇరవై రూపాయల టికెట్టుతో ఆడాలి. ఆ రాత్రికి కూడా నటికి ఇచ్చేది పూర్తిగా ఇవ్వాలి, రిహార్సల్ కింద జమ కట్టకూడదు. ఇంకోటి, తిరువూరులో డిగ్రీ చదివే అమ్మాయిలు ముగ్గుర్ని దృష్టిలో పెట్టుకుని ఎవరైనా ఒక నాటిక రాయాలి. ఫోటోలో ఉన్న అత్త దిగివచ్చి వాళ్లతో మాట్లాడాలి. దానికి సెట్టు ఏం పడుతుందో, వ్యానులో ఎంతమంది పడతారో, ఆ అమ్మాయిల్ని రాత్రి ఇంటి దగ్గర ఎవరు దింపుతారో సమాజం ముందే కూర్చుని లెక్క వేసుకోవాలి. ఎంట్రీ ఫారంలో పాత్రల సంఖ్య రాసే గడి ఒకటి ఉంటుంది, ఆ లెక్క తేలాకే దాన్ని నింపాలి.